ఆట మధ్యలో ఆగిపోయే కంప్యూటరు

నూజివీడు దగ్గరి పల్లెటూరి నుంచి మన పాఠకుడొకడు ఉత్తరం రాశాడు. వాళ్ళ ఇంట్లో ఆటలాడటానికి పనికివచ్చే పెద్ద కంప్యూటరు ఉన్నది. రెండేళ్ళ క్రితం అన్నయ్య కొన్నాడు. దాని మీద పాఠాలు చదివినా, సినిమా చూసినా ఏ గొడవా లేదు. ఆట మొదలుపెడితే మాత్రం, సరిగ్గా పందెం గెలవబోయే సమయానికి టక్కున ఆగిపోతుంది. మళ్ళీ మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

"ఆడి ఆడి దాన్ని పాడుచేశారు," అంటారు నాన్న. దుకాణం అతను చూసి, "గ్రాఫిక్స్ కార్డు పోయింది, కొత్తది వెయ్యాలి," అన్నాడు. కొత్త కార్డంటే వేలతో పని. "కాయ డబ్బు చేతికి రానివ్వండి, చూద్దాం," అన్నది అమ్మ. ఈలోగా అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవు. ఆగిపోయినప్పుడు ఎవరు ఆడుతుంటే తప్పు వాళ్ళదేనట! "అసలు తప్పెవరిది?" అని ఆ కుర్రవాడి ప్రశ్న.

పిల్లలూ, ఇందులో ఒక్క సంగతి చూడండి. ఇంతమంది ఇన్ని మాటలన్నారు గాని, కార్డు పోయిందనటానికి ఇంతవరకూ ఆధారం ఏమీ దొరకలేదు. మామిడితోట మీద ఏడాదికొకసారి వచ్చే డబ్బు ఒక ఊహ మీద ఖర్చుపెట్టేముందు కాస్త ఆలోచించటం మంచిది.

మిగతా వేళల్లో చెయ్యని పని ఆటలో కంప్యూటరు ఏం చేస్తుంది? తెర మీది బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. మామూలు తెర మీద అడ్డంగా 1920 చుక్కలూ, నిలువుగా 1080 చుక్కలూ ఉంటాయి. హెచ్చవేసి చూడండి: 20,73,600. మీరు పాఠం చదివేటప్పుడు వీటిలో చాలా భాగం మారకుండా ఉంటాయి. ఆటలో అలా కుదరదు. కారు పరిగెత్తుతుంది, చెట్లు వెనక్కు పోతాయి, నీడలు సాగుతాయి. సెకనుకు 60 సార్లు బొమ్మంతా కొత్తగా వెయ్యాలి. అంటే ఒక్క సెకనులో 12,44,16,000 చుక్కలకు ఏ రంగు ఉండాలో లెక్క కట్టాలి! ఈ చాకిరీలో ఎక్కువ భాగం గ్రాఫిక్స్ కార్డుది, మిగతాది ప్రాసెసరుది.

పని పెరిగితే కరెంటు ఎక్కువ కావాలి. పాఠం చదివేటప్పుడు 80 వాట్లతో సరిపెట్టుకునే కంప్యూటరు ఆటలో 350, 400 వాట్లు లాగవచ్చు. ఆ కరెంటంతా ఏమవుతుంది? కడకు వేడి అవుతుంది. పాతకాలపు 100 వాట్ల బల్బులు నాలుగు వెలిగించి, ఒక డబ్బాలో పెట్టి మూతవేస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

నూజివీడు పిల్లలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. చిన్నరసాలు వరిగడ్డిలో మాగవేసినప్పుడు గడ్డిలోకి చెయ్యి పెట్టి చూశారా? వెచ్చగా ఉంటుంది. కోసిన తరవాత కూడా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది, ఆ ఊపిరితో వేడి పుడుతుంది. గడ్డి దాన్ని బయటికి పోనివ్వదు. కాయ పండటానికి ఆ వెచ్చదనం కావాలి గనక మనం కావాలనే మూసిపెడతాం. కంప్యూటరుకు అది అక్కర్లేదు. అయినా చాలా ఇళ్ళలో దాన్ని బల్ల కింద గూట్లో, గోడకు ఆనించి, పైన బట్ట కప్పి, అచ్చం కాయలు మాగవేసినట్టే పెడతారు!

ఇంకొక లెక్క చూడండి. డబ్బాలో ఫ్యాను ఎంత మంచిదైనా గదిలో ఉన్న గాలినే తీసి లోపలికి కొడుతుంది. ఆట ఆడేటప్పుడు ప్రాసెసరు గదికన్న 55 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. మామిడి పూత వేసే రోజుల్లో గది 25 డిగ్రీలుంటే ప్రాసెసరు 80 డిగ్రీలుంటుంది, భయం లేదు. మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో 42 డిగ్రీలుంటే 97 అవుతుంది. దానికి తోడు ఎర్రనేల దుమ్ము రెండేళ్ళుగా ఫ్యాను రెక్కలకూ, వేడిని పీల్చే లోహపు పలకల సందులకూ పట్టి ఉన్నదనుకోండి. 55 కాస్తా 65 అవుతుంది. అప్పుడు 107! చాలా ప్రాసెసర్లకు 95, 100 డిగ్రీల ప్రాంతంలో హద్దు ఉంటుంది. హద్దు దగ్గరపడగానే ప్రాసెసరు ముందు తన వేగం తగ్గించుకుంటుంది. ఆటలో బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా తన్ను తాను ఆర్పేసుకుంటుంది. చల్లారాక లేపితే మామూలుగానే లేస్తుంది. ఉత్తరంలో కుర్రవాడు రాసినది కూడా ఇదే కదా!

అయితే వేడే కారణమని ఇప్పుడే తీర్పు చెప్పటానికి లేదు. అలా చెబితే దుకాణం అతనికీ మనకూ తేడా ఏమిటి? కరెంటు మీద కూడా అనుమానం ఉన్నది. తోటల్లో బోరు మోటారు పుంజుకునేటప్పుడు, మామూలుగా తిరిగేటప్పటికన్న అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మరు మీద ఉన్న ఇళ్ళలో దీపాలు ఒక్క క్షణం మసకబారుతాయి. ఉత్తరాలు రాసే కంప్యూటరు ఆ క్షణాన్ని తట్టుకుంటుంది. ఆటలో ఉన్నది తట్టుకోలేకపోవచ్చు.

దీనికన్న మోసకారిది యు.పి.ఎస్. పెట్టె. దాని మీద 600 వి.ఎ. అని ఉంటుంది. అది చూసి 600 వాట్లు ఇస్తుందని అందరూ అనుకుంటారు. అలాంటివి చాలావరకు ఇవ్వగలిగేది 360 వాట్లే. పైగా దానికే తెరను కూడా తగిలిస్తారు. పాఠాలు చదివినంత కాలం అది హాయిగా ఉంటుంది. ఆట ముదిరి 400 వాట్లు అడిగేసరికి, కీచుమని అరిచి చేతులెత్తేస్తుంది. ఇంటిల్లిపాదీ కంప్యూటరును తిడతారు!

మరి ఇన్నిటిలో అసలు కారణం ఎలా పట్టుకోవటం? 1947లో జరిగిన ఒక తమాషా సంగతి వినండి. అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో మార్క్-2 అనే కంప్యూటరు ఉండేది. ఇప్పటివాటిలాగా కాక అది గది నిండేటంత యంత్రం. కరెంటుతో తెరుచుకుని మూసుకునే రిలేలు అందులో వేలకొద్దీ ఉండేవి. సెప్టెంబరు 9న అది తప్పు చెయ్యసాగింది. పనివాళ్ళు వెతగ్గా వెతగ్గా ఒక రిలేలో రెక్కలపురుగు ఇరుక్కుని కనిపించింది. వాళ్ళు దాన్ని తీసి పారెయ్యలేదు. యంత్రం దినచర్య రాసే పుస్తకంలో అతికించి, పక్కన మధ్యాహ్నం 3 గంటల 45 నిమిషాలనీ, ఎఫ్ పలకలో 70వ రిలే అనీ రాసిపెట్టారు. ఆ పుస్తకం, పురుగుతో సహా, వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థవారి దగ్గర ఉన్నది. కంప్యూటరులో తప్పును ఇంగ్లీషులో బగ్ అంటే పురుగు అనటం ఈ పురుగుతోనే మొదలైందని కొందరు చెబుతారు గాని, అది నిజం కాదు. ఎడిసన్ 1878లోనే యంత్రాల లోపాలను ఆ మాటతో పిలిచాడు.

ఎప్పుడు, ఎక్కడ, ఏమిటి అన్నవి ఆ పనివాళ్ళు రాశారు చూడండి, మీరు కూడా అదే చెయ్యాలి. ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. కంప్యూటరు ఆగినప్పుడల్లా తారీఖూ, వేళా, ఆట మొదలైన ఎన్ని నిమిషాలకు ఆగిందీ రాయండి. గోడకు వేడిమాపకం ఉంటే గది వేడి కూడా రాయండి. దీపం మసకబారిందా, యు.పి.ఎస్. అరిచిందా? అన్నిటికన్న ముఖ్యం, ఎలా ఆగింది? మొత్తం ఆరిపోయిందా? ఆట ఒక్కటే మూసుకుపోయి కంప్యూటరు నడుస్తూనే ఉన్నదా? తెర నల్లబడినా ఫ్యానూ చప్పుడూ ఆగలేదా? నీలిరంగు తెర వచ్చిందా? వస్తే దాని మీది అక్షరాలు తప్పుల్లేకుండా దించుకోండి. మొత్తం ఆరిపోతే వేడి మీదా కరెంటు మీదా అనుమానపడాలి. తెర మాత్రమే నల్లబడితే కార్డును అనుమానించవచ్చు. ఆట ఒక్కటే మూసుకుపోతే ఆ ఆటనూ, కార్డును నడిపే డ్రైవరు అనే ప్రోగ్రామునూ మళ్ళీ కొత్తగా ఎక్కించి చూడండి. నీలితెర వస్తే డ్రైవరో, జ్ఞాపకం ఉంచుకునే ర్యామో అయి ఉండవచ్చు. ర్యామును పరీక్షించే ప్రోగ్రాము విండోసులోనే ఉన్నది. రాత్రిపూట పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి సంగతి చెబుతుంది.

ఇక ప్రయోగాలు. వీటికి డబ్బా విప్పనక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. కాని రోజుకొకటే చెయ్యాలి. ఒకే రోజున కిటికీ తెరిచి, యు.పి.ఎస్. తీసేసి, డ్రైవరు మార్చి, "హమ్మయ్య, బాగయింది" అంటే, దేనివల్ల బాగయిందో దేవుడికే తెలియాలి.

మొదటి రోజు తెల్లవారుజామున లేవండి. (ఆట కోసం లెమ్మంటే అమ్మానాన్నలు ఆశ్చర్యపోతారు, ఈ పేజీ చూపించండి.) మధ్యాహ్నం ఆడిన ఆటే, అదే మెట్టు నుంచి, గంటసేపు ఆడండి. మధ్యాహ్నం 25 నిమిషాలకు ఆగేది తెల్లవారుజామున గంటయినా ఆగకపోతే వేడి మీద అనుమానం బలపడుతుంది. కాని తెల్లవారుజామున మోటార్లు కూడా ఆగి ఉండవచ్చు, అందుచేత ఇంతటితో సరిపోదు. మర్నాడు మధ్యాహ్నమే ఆడండి. అయితే ఆట అమరికల్లోకి పోయి, సెకనుకు 60 బొమ్మలు వేసేది 30 వేసేలా పెట్టండి. పని దాదాపు సగమవుతుంది, వేడీ తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది. దీనితో ఆగటం మానితే ఈ రెంటిలో ఒకటి కారణమై ఉండాలి. మూడోనాడు, మళ్ళీ 60 పెట్టి, యు.పి.ఎస్. తీసేసి, ఎర్తు ఉన్న గోడ ప్లగ్గుకే తగిలించి ఆడండి. కరెంటు నిలకడగా ఉన్న వేళ చూసుకోండి, గాలివాన వచ్చేట్టుంటే మానెయ్యండి. ఈసారి ఆగకపోతే దొంగ యు.పి.ఎస్. పెట్టే!

గ్రాఫిక్స్ కార్డు ఎంత వేడిగా ఉన్నదో విండోసు 10, 11లలో టాస్క్ మేనేజరు తెరిస్తే డిగ్రీలలో కనిపిస్తుంది. ప్రాసెసరు వేడి అక్కడ కనపడదు. అది చూపే ఉచిత ప్రోగ్రాములు వేరే ఉన్నాయి. ఇంకొకటి: కంప్యూటరు రాసుకునే చిట్టాలో 41 అనే అంకె కనిపిస్తే, "చూశారా, పవర్ పోయింది!" అని కొందరు లోపలి కరెంటు పెట్టె మార్చమంటారు. సరిగా మూయకుండానే కంప్యూటరు ఆరిపోయిందని మాత్రమే ఆ అంకెకు అర్థం. ఎందుకు ఆరిందో దానికి తెలియదు.

కారణం వేడేనని తేలితే దుమ్ము దులపాలి. ఈ పని పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే చెయ్యాలి. మీ ఊరి అక్కయ్యో అన్నయ్యో నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదువుతుంటే సెలవులకు వచ్చినప్పుడు పిలవండి. అది 2008లో పెట్టినది. పదో తరగతి కాగానే అందులో చేరతారు. ముందు ప్లగ్గు పీకాలి. ఒంటిలోని స్థిర విద్యుత్తు పోవటానికి డబ్బా లోహాన్ని ఒకసారి ముట్టుకోవాలి. తడిగుడ్డ పనికిరాదు. మెత్తని కుంచెతోనో, గాలి కొట్టే యంత్రంతోనో దులపాలి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే అతివేగంగా తిరిగి పాడవుతుంది. లోపల కరెంటు తీసుకునే పెట్టె, ఎస్.ఎం.పి.ఎస్. అంటారు, దాన్ని మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకిన తరవాత కూడా అందులో ప్రాణం తీసేటంత కరెంటు నిలవ ఉండగలదు. ప్రాసెసరుకూ దాని మీది లోహపు దిమ్మకూ మధ్య రాసే పేస్టు ఏళ్ళు గడిస్తే ఎండిపోతుంది. దాన్ని మార్చటం చెయ్యి తిరిగినవాడి పని.

పెద్దలకు ఒక మాట. కంప్యూటరును ఆట పాడుచెయ్యలేదు. ఆట దాని శక్తినంతా ఒక్కసారి అడిగింది, అంతే. రేపు ఇంజనీరింగు చదివే పిల్ల ఇంటి నమూనా గీసినా అది అలాగే ఆగిపోతుంది.

ఇంత చేసినా ఆగిపోతూనే ఉంటే దుకాణానికి తీసుకుపోవలసిందే. నోటుబుక్కు కూడా పట్టుకుపోండి. కొత్త కార్డు కొనేముందు, దుకాణంలో ఉన్న కార్డునూ ఎస్.ఎం.పి.ఎస్.నూ ఒకదాని తరవాత ఒకటిగా మీ కంప్యూటరుకు తగిలించి, గంటసేపు ఆట నడిపి చూపించమనండి. మంచి పనివాడు కాదనడు.

ఒకవేళ తొలకరి పడగానే కంప్యూటరు దానంతటదే బాగయిందనుకోండి. అంతకు ముందురోజు దాన్ని ఎవరు ముట్టుకుంటే వాళ్ళకే పేరు వస్తుంది. మీరు మాత్రం నోటుబుక్కు తీసి గది వేడి ఎన్ని డిగ్రీలు తగ్గిందో చూసి, వచ్చే వేసవిలో కాయ కోతలు మొదలయ్యే లోపల దుమ్ము దులిపించుకోండి.