లోపముగల వజ్రము

గణనయంత్రముల వేగము పెరుగుకొలది వాని తాపమును పెరుగుచున్నది. తీగెలో విద్యుత్తు ప్రవహించినంత కాలము కొంత శక్తి వేడిమియై వృథా పోక తప్పదు. ఆ వ్యయమును తప్పించుటకై ఎలక్ట్రానులను పరుగెత్తింపకయే వాని స్పిన్ అను గుణమును మాత్రము ఒకచోటినుండి మరియొకచోటికి పంపు మార్గమును శాస్త్రజ్ఞులు వెదకుచున్నారు. యిట్రియము, ఇనుము, ప్రాణవాయువు కలిసిన గార్నెట్టు స్ఫటికము ఇందుకు మిక్కిలి అనుకూలము. దానిలో విద్యుత్తు పారదు. స్పిన్ తరంగములు పారును. సాధారణమైన గది ఉష్ణోగ్రతలోనే అవి మైక్రోమీటర్ల కొలది దూరము సాగునని 2015 లో నెదర్లాండ్సునందలి గ్రోనింగెన్ విశ్వవిద్యాలయమువారు చూపిరి.

అయితే ఒక ప్లాటినము తీగెతో పంపి, వేరొక తీగెతో పుచ్చుకొన్నప్పుడు ఎంత చేరినదో తెలియును గాని, నడుమ నేమి జరిగినదో తెలియదు. కృష్ణా కాలువకు తలవద్దను శివారునందును మాత్రమే నీటిని కొలిచి, గండి ఎచ్చట పడినదో ఎవరు చెప్పగలరు?

ఆ నడిమి సంగతిని చెప్పునది వజ్రము. కర్బన పరమాణువుల వరుసలో ఒక నత్రజని పరమాణువు చేరి, దాని ప్రక్క స్థానము ఖాళీగా నున్నయెడల ఆ లోపమే పరమాణు ప్రమాణముగల దిక్సూచి యగును. ఆకుపచ్చని లేజరు కాంతి సోకగా అది ఎర్రని కాంతిని వెలువరించును. 2.87 గిగాహెర్ట్జుల సూక్ష్మతరంగమునకు ఆ కాంతి తగ్గుటయు, అయస్కాంతక్షేత్రమున్నచో ఆ సంఖ్య మారుటయు ఇందలి కిటుకు. ఇట్టి లోపము నొక్కదానిని ఒంటరిగా చూడగలుగుట 1997 నాటి మాట. 2017 లో హార్వర్డునందు యాకోబీ బృందమువారు వజ్రపు తునకను గార్నెట్టు పొరకు చేరువగా నుంచిరి. తరంగముల కలకలమునకు వజ్రములోని స్పిన్ ఎంత త్వరగా తన స్థితిని కోల్పోవునో చూచి, ఆ తరంగముల ఒత్తిడి ఆ స్థానమున ఎంతయున్నదో లెక్కించిరి. దీనితో రేపే స్పిన్ యంత్రములు అంగడికి వచ్చునని మేము చెప్పము. గండి వెదకు సాధనము మాత్రము చేతికి వచ్చినది.

గోలకొండ వజ్రములు పేరొందుటకు ఒక కారణము వానిలో నత్రజని దాదాపు లేకుండుట. నేటి పరిశోధకుడు కోరునది శుద్ధమైన రాతిలో తాను ఎంచి పెట్టిన మచ్చ!

భారత ప్రభుత్వము 2023 ఏప్రిలులో జాతీయ క్వాంటమ్ మిషనునకు 6,003.65 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. 2024 లో ప్రకటించిన నాలుగు కేంద్రములలో కొలత సాధనముల కేంద్రము బొంబాయి ఐ.ఐ.టి.కి దక్కినది. 2025 లో అమరావతికి క్వాంటమ్ కంప్యూటరును తెచ్చుటకు ఒడంబడిక జరిగినది. మేము దానిని కాదనము. కంప్యూటరు అనగానే సభలు నిండును. కొలత సాధనమనగానే కుర్చీలు ఖాళీ యగును. మా ఫిర్యాదు ఇదియే. విదేశీయుల యంత్రమును ఒడంబడికతో తెచ్చుకొనవచ్చును. కొలుచు విద్యను మాత్రము చేతులారా నేర్వవలెను.

2023-24 కేంద్ర బడ్జెటునందు ప్రయోగశాలలో వజ్రములు పెంచు పరిశోధనకై ఒక ఐ.ఐ.టి.కి అయిదేండ్ల సహాయము ప్రకటింపబడినది. దాని దృష్టి నగల పరిశ్రమపై నున్నది. అదే విద్యతో నత్రజనిని కోరినచోట కోరినంత చేర్చిన వజ్రమును సాధింప యత్నింపవచ్చును. నగల పద్దును చూచువారును, క్వాంటమ్ పద్దును చూచువారును ఒక్కచోట కూర్చుండి, బొంబాయి కేంద్రమునకు ఎట్టి రాయి కావలెనో మొదట అడిగి తెలిసికొనవలెనని కోరుచున్నాము.