బోధనకూ శిక్షణ కావాలి

హైస్కూల్లో పాఠం చెప్పాలంటే బి.ఎడ్. చేయాలి. పాఠ్య ప్రణాళికలు రాయాలి, బడికి వెళ్లి పరిశీలకుల ముందు పాఠాలు చెప్పాలి. మరి డిగ్రీ, పి.జి. విద్యార్థులకు చెప్పాలంటే? పి.జి.తో పాటు నెట్, సెట్ లేదా పిహెచ్.డి. ఉంటే అర్హులే. బోధన నేర్చుకున్నట్టు వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు. నెట్ మొదటి పేపరులో బోధనా సామర్థ్యంపై ప్రశ్నలుంటాయి, నిజమే. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం వేరు, అరవై మంది ముందు నిలబడి పాఠం చెప్పడం వేరు.

మన సనత్‌నగర్ ఫ్యాక్టరీల్లో కొత్త కుర్రాడికి మొదటిరోజే లేత్ మిషన్ అప్పగించరు. కొన్నాళ్లు హెల్పర్‌గా ఉండి, చూసి నేర్చుకోవాలి. ఇనుప ముక్క పాడవుతుందనే అంత జాగ్రత్త ఉన్నప్పుడు విద్యార్థి విషయంలో ఎందుకు ఉండదు?

సబ్జెక్టు వస్తే చెప్పడం దానంతట అదే వస్తుందంటారు కొందరు. డిగ్రీలో మాకు ఒక పరిశోధక విద్యార్థి క్లాసులు తీసుకునేవారు. ఆయన పరిజ్ఞానానికి వంక పెట్టలేం. కానీ బోర్డు వైపు తిరిగి ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయేవారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు సగం అర్థమయ్యేది కాదు. పాఠం చెప్పడం ఆయనకెవరూ నేర్పలేదు మరి! స్తోమత ఉన్నవాళ్లు ట్యూషన్ పెట్టించుకున్నారు. ఇంట్లో అడిగితే చెప్పేవాళ్లు లేని నాలాంటి మొదటి తరం విద్యార్థులకు మిగిలింది బట్టీయే.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ముందు డెమో క్లాసు విని, నచ్చితేనే ఫీజు కట్టొచ్చు. యూనివర్సిటీలో మనకు ఆ వీలు లేదు.

2020 జాతీయ విద్యావిధానం, 2022 నవంబరు నాటి యు.జి.సి. నిబంధనలు పిహెచ్.డి. విద్యార్థులు బోధనలో శిక్షణ పొందాలన్నాయి. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్, ల్యాబ్, మూల్యాంకనం పనులు ఇవ్వవచ్చని కూడా ఆ నిబంధనల్లో ఉంది. కాగితం మీది ఈ మాట క్లాసు గదికి చేరాలి. ఉస్మానియాలో అధ్యాపకుల శిక్షణకు ఏనాటి నుంచో కేంద్రం ఉంది. ఒకప్పటి అకడమిక్ స్టాఫ్ కాలేజీ నేడు మాలవీయ మిషన్ కేంద్రం. ప్రధానంగా ఉద్యోగంలో చేరిన వారికోసం నడిచే ఇలాంటి కేంద్రాలు, మొదటి క్లాసుకు ముందే పరిశోధక విద్యార్థులకూ పదిహేను రోజుల శిక్షణ ఇవ్వాలి. సీనియర్ల క్లాసులు చూడటం, తోటివారి ముందు పాఠం చెప్పి విమర్శ వినడం, భావాన్ని తెలుగులో విప్పి ఆపై ఇంగ్లీషు పదం ఇవ్వడం, పేపర్లు ఒకే కొలతతో దిద్దడం అందులో ఉండాలి. అయితే ఖాళీ పోస్టులు నింపకుండా పరిశోధక విద్యార్థులతో నెట్టుకురావడానికి ఇది సాకు కాకూడదు.

ఈ మార్పు కోసం అడుగుతూనే మన పని మనం మొదలుపెడదాం. హాస్టల్లోని పి.జి. మిత్రులు ప్రతి ఆదివారం ఒక గంట డిగ్రీ తమ్ముళ్లకు పాఠం చెప్పాలి. అర్థం కాలేదని తమ్ముళ్లు ధైర్యంగా అనాలి. రేపటి లెక్చరర్లు మనలోంచీ రావాలి. అర్థంకాని పాఠం ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?