గేటు వాళ్ళది... ఫోను నాది!

సినిమాల్లో వాచ్‌మన్ అంటే హీరో ఒక్క గుద్దుకి పడిపోయేవాడు. నిజజీవితంలో అలా కాదు పాఠకులారా, పడిపోయేది మనమే!

పోయిన నెల శంషాబాద్ విమానాశ్రయం దారిలో ఓ ఫామ్‌హౌస్‌లో షూటింగ్ అంటే వెళ్ళాను. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు సంచి చూస్తానన్నాడు. చూపించాను. అంతవరకూ పేచీ లేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం అడ్డం నిలబడ్డాడు. "సారూ, హీరోయిన్ ఫోటో తీసిన్రంట. ఫోన్ ఇయ్యుండ్రి" అన్నాడు. తియ్యలేదన్నా వినలేదు. ఫోను లాక్కుని, నన్ను గదిలో కూర్చోబెట్టి బయట గొళ్ళెం పెట్టాడు. గంట తర్వాత మేనేజరొచ్చి "సారీ" అనేదాకా అక్కడే!

ఆ గంటసేపూ నేను కిమ్మనలేదు. యూనిఫాం కనిపిస్తే మనకి నోరు పెగలదు కదా! తర్వాత ఓ లాయరు మిత్రుడికి చెబితే తిట్టినంత పని చేశాడు.

"రావద్దనే హక్కు యజమానికుంది. సంచి చూపిస్తేనే రానిస్తాననొచ్చు. ఇష్టం లేకపోతే నువ్వు వెనక్కి రావచ్చు. అంతేగాని నువ్వు కాదన్నాక సంచిలో చెయ్యి పెట్టడానికీ, ఫోను లాక్కోడానికీ ప్రైవేటు గార్డుకి అధికారం లేదు" అన్నాడు.

మరి పక్కనే ఎయిర్‌పోర్టులో ఒళ్ళంతా తడిమి చూస్తారే? అక్కడ తనిఖీ చేసేది సి.ఐ.ఎస్.ఎఫ్., కేంద్ర ప్రభుత్వ దళం. ఆ లెక్క వేరు.

పట్టుకునే విషయంలో గార్డుకి మామూలు పౌరుడికున్న హక్కే ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చెయ్యగలిగిన, బెయిలు హక్కుగా దొరకని నేరం తన కళ్ళెదుటే జరిగితే పట్టుకోవచ్చు. ఆరు గంటల్లోగా పోలీసులకి అప్పగించాలి. ఫోటో తీశానన్న అనుమానం అందులోకి రాదు. గొళ్ళెం పెట్టడం అక్రమ నిర్బంధమే!

2024 డిసెంబర్ 4న సంధ్య థియేటర్‌లో 'పుష్ప 2' ప్రీమియర్ తొక్కిసలాటలో ఓ మహిళ చనిపోయాక, జనం మీద చెయ్యేస్తే ఊరుకోమని హైదరాబాద్ పోలీసు కమిషనర్ బౌన్సర్లను హెచ్చరించారు. ప్రాణం పోయాక గాని హద్దు గుర్తు రాలేదన్నమాట.

అన్నట్టు, ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. "ఫోటో బయటికి పోతే నా నౌకరీ పోతది సారూ" అన్నాడు పాపం. గార్డుకి శిక్షణ ఇచ్చి తీరాలని 2005 నాటి సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం చెబుతోంది. అతనికి లాఠీ ఇచ్చినవాళ్ళు హద్దు చెప్పలేదు.

ఈసారి వెళ్తే నేనే చెబుతాను: "చూడు తమ్ముడూ, కానీ అడిగి చూడు. కాదంటే పోలీసుని పిలువు. గొళ్ళెం జోలికి మాత్రం పోకు!"