నూట ఇరవై ఏళ్ల రక్తసాక్ష్యం

1906 మేలో ఆగస్ట్ వాసర్‌మన్, ఆల్బర్ట్ నైసర్, కార్ల్ బ్రుక్ ఒక జర్మన్ వైద్యపత్రికలో ప్రకటించిన రక్తపరీక్షకు ఈ 2026తో 120 ఏళ్లు. సిఫిలిస్ క్రిమిని షౌడిన్, హాఫ్‌మన్ అంతకు ఏడాది ముందే కనిపెట్టారు. కానీ పుండు మాని, దద్దుర్లు అణగి, ఏళ్ల తరబడి ఒంట్లో నక్కి, చివరికి గుండెనో మెదడునో కబళించే ఈ జబ్బును, పైకి నిక్షేపంగా తిరిగే మనిషిలో పసిగట్టే దారి వైద్యలోకానికి దొరికింది మాత్రం ఆ పరీక్షతోనే.

అదేమీ సులువైన పని కాదు. గొర్రె రక్తకణాలు, గినీపిగ్ సీరం, సిఫిలిస్ సోకి మరణించిన గర్భస్థ శిశువు కాలేయసారం రోగి సీరంతో పాళ్లు తప్పకుండా కలపాలి. గొట్టంలో కణాలు పగిలి ద్రవం ఎర్రగా తేటపడితే జబ్బు లేనట్టు. చెక్కుచెదరక అడుగుకు దిగితే ఉన్నట్టు. కాలేయంలోని క్రిములే ఇందుకు కారణమని వారు నమ్మారు. ఏడాది తిరిగేసరికి, జబ్బులేని అవయవాల సారం కూడా అదే పని చేస్తుందని తేలింది. తప్పుడు ఊహ మీద లేచిన ఈ కట్టడం కూలలేదు సరికదా, దశాబ్దాలు నిలిచింది! 1941లో మేరీ పాంగ్‌బోర్న్ ఎద్దు గుండె నుంచి కార్డియోలిపిన్‌ను వేరుచేశారు. దాని ఆధారంగా 1946లో వచ్చిందే మన గర్భిణుల పరీక్షల చీటీలో నేటికీ కనిపించే వీడీఆర్‌ఎల్. మలేరియా, కుష్ఠు, లూపస్ ఉన్నవారిలోనూ అది పాజిటివ్ చూపవచ్చు కాబట్టి, నిర్ధారణకు టీపీహెచ్‌ఏ వంటివి తోడయ్యాయి.

పరీక్ష తన తప్పులు దిద్దుకుంది. దాన్ని చేతబట్టిన వ్యవస్థలు అంత త్వరగా దిద్దుకోలేదు. అమెరికాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్యశాఖ నల్లజాతి పేదల రక్తం తీసుకుంటూనే ఉంది, జబ్బు ఉందని తెలిసీ వారికి అసలు పేరు చెప్పలేదు, పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాకా ఇవ్వలేదు. రోగిని వదిలేసి ఫలితాన్ని మాత్రం భద్రపరిచిన ఆ నలభై ఏళ్లు ఈ చరిత్రకు మాయని మచ్చ.

ఇప్పుడు వేలికొనపై ఒక్క చుక్క చాలు, నిమిషాల్లో ఫలితం. తొలిదశలో ఒక్క బెంజథీన్ పెన్సిలిన్ ఇంజక్షన్‌తో నయమయ్యే జబ్బు ఇది. అయినా 2022లో ప్రపంచవ్యాప్తంగా 80 లక్షల మంది వయోజనులకు కొత్తగా సోకిందని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. అంతటి అమెరికాలోనే 2023లో 3,800కు పైగా పుట్టుకతో వచ్చే సిఫిలిస్ కేసులు నమోదయ్యాయి. కొరత పరీక్షది కాదు. పరీక్షకూ సూదిమందుకూ మధ్య జారిపోతున్న రోజులది, సుఖవ్యాధి అనగానే గొంతు తగ్గించే మన సిగ్గుది.

ప్రతి గర్భిణికీ తొలి చెకప్‌లోనే ఈ పరీక్ష జరగాలి, పాజిటివ్ వస్తే ఆ రోజే ఇంజక్షన్ పడాలి, భర్తనూ పిలిచి పరీక్షించాలి. మందు నిల్వలు నిండుకోకుండా చూడటం ప్రభుత్వాల పని. చీటీలో ఆ పేరు చూసి ఆమెను వేలెత్తి చూపకుండా ఉండటం మన పని.