దొర గాలానికి దండ, పేద గాలానికి దండన

సముద్రం ఒకటే. చేప ఒకటే. పట్టేది గాలంతోనే. కానీ పట్టిన చేపతో ఫొటో దిగితే అది క్రీడ. పట్టిన చేపని అమ్మి బియ్యం కొనుక్కుంటే అది విధ్వంసం. చేపల్ని కాపాడాలనే మంచిమాట చాటున ఈ తేడా కొన్ని దేశాల్లో చట్టాల్లోకి ఎక్కి కూచుంది. ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకని కొందరు అనొచ్చు. అందరిదీ అయినదాన్ని కొందరి సరదా కోసం కంచె వేసుకోవడం ఎక్కడ జరిగినా మనకి తెలిసిన కథే. అందుకే మాట్లాడుతున్నాం.

ఏ చేప ఇది? ముక్కు ఈటెలాగా ముందుకి పొడుచుకొచ్చే పెద్ద చేపలు. మార్లిన్, సెయిల్‌ఫిష్ అని ఇంగ్లీషు పేర్లు. మన విశాఖ, అనకాపల్లి తీరంలో కొమ్ము కోనాం అంటారు. నీలి మార్లిన్ అయితే ఆరువందల కిలోలు దాటినవి కూడా గాలానికి పడ్డాయి. గాలానికి పడగానే నీళ్ళమీద ఎగిరెగిరి దూకుతుంది. ప్రాణం కోసం అది చేసే ఆ పెనుగులాటే డబ్బున్నవాళ్ళకి ఆట. ఖరీదైన పడవలేసుకుని దాని వెంట పడతారు.

ఈ చేపలు తగ్గిపోతున్నాయన్నది అబద్ధం కాదు. అట్లాంటిక్ సముద్రంలో నీలి మార్లిన్ వేట హద్దు మీరిందని అక్కడి ట్యూనా కమిషన్ శాస్త్రవేత్తలు 2018లో తేల్చారు. మరి చంపుతున్నదెవరు? ఎక్కువ భాగం పెద్ద కంపెనీల పడవలు. పదుల మైళ్ళ పొడవున తాడు వదులుతారు. దానికి వందలు, వేలు గాలాలు వేలాడతాయి. లాంగ్‌లైన్ అంటారు. ఆ తాడు వేసేది మార్లిన్ కోసం కాదు, ట్యూనా కోసం, కత్తిచేప కోసం. మధ్యలో మార్లిన్ తగులుకుని చస్తుంది.

రోగం అక్కడుంటే మందు ఎక్కడ వేశారో చూడండి. 1988లో అమెరికా ప్రభుత్వం అట్లాంటిక్ మార్లిన్, సెయిల్‌ఫిష్‌లని ఆట వేటగాళ్ళకే కేటాయించింది. బతుకుతెరువు కోసం పట్టేవాడు వాటిని ఉంచుకోకూడదు, అమ్మకూడదు. లాంగ్‌లైన్‌కి తగిలి చచ్చిపైకొచ్చినా తిరిగి సముద్రంలోనే పారెయ్యాలి. చేప బతకలేదు, మనిషికి తిండీ కాలేదు. ఇది చేపని కాపాడటమా, చేప శవాన్ని దాచిపెట్టడమా?

2012 అక్టోబరులో ఒబామా ఇంకో చట్టం మీద సంతకం పెట్టాడు. ఏ సముద్రంలో పట్టిందైనా, ఏ దేశం నుంచి వచ్చిందైనా, అమెరికా ప్రధాన భూభాగంలో ఈ చేపల అమ్మకం బందు. ఈ చట్టం కోసం పట్టుబట్టిన వాళ్ళలో ముందువరస ఆట వేటగాళ్ళ సంఘాలది. హవాయి దీవుల్లో మార్లిన్ ఏనాటినుంచో జనం తిండి, అక్కడి చిన్న పడవలోళ్ళ బతుకు. అందుకని ఆ దీవులకి మినహాయింపు ఇచ్చారు. 2018లో దాన్నీ కుదించారు. హవాయిలో పట్టిన చేపని ఇకమీద దీవుల్లోనే అమ్ముకోవాలి, బయటికి పంపకూడదు.

ఇందులో ఒక తమాషా ఉంది. కత్తిచేపకి కూడా ముక్కు ఈటెలాగే ఉంటుంది. కానీ ఈ చట్టంలో దాని పేరు లేదు. దానికి పెద్ద మార్కెట్ ఉంది, పెద్ద హోటళ్ళున్నాయి. ఏ చేప కోసం వేసిన గాలాలకి మార్లిన్ చస్తోందో, ఆ చేప అమ్మకానికి అడ్డులేదు!

మెక్సికో ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడి 2007 మత్స్య చట్టం ప్రకారం తీరం నుంచి 50 నాటికల్ మైళ్ళ లోపల మార్లిన్, సెయిల్‌ఫిష్, కత్తిచేప, డొరాడో లాంటి చేపలు ఆట వేటకే సొంతం. 50 నాటికల్ మైళ్ళంటే 92 కిలోమీటర్లు. ఈ గీత వల్ల లాంగ్‌లైన్ ఓడలు తీరానికి దూరంగా ఉంటాయి, అది మంచిదే. కానీ ఓడకి గీత దాటిపోయి వేటాడే సత్తా ఉంది. ఇంజను బిగించుకున్న చిన్న పడవోడు 92 కిలోమీటర్ల అవతలికి ఎట్లా పోతాడు? తన గుమ్మం ముందున్న చేప తనది కాకుండా పోయింది. అది టికెట్ కొనుక్కుని విమానంలో దిగినవాడిదయింది.

ఆట వేటగాళ్ళ వాదన ఏంటి? మేం పట్టి వదిలేస్తాం, చంపం అంటారు. ఎక్కువ చేపల్ని వదిలేస్తున్న మాట నిజమే. పోటీల్లో సహజమైన ఎర కట్టినప్పుడు చేపకి గాయం తక్కువ చేసే గుండ్రటి గాలాలే వాడాలని 2008 నుంచి అమెరికా అట్లాంటిక్ తీరంలో నిబంధన కూడా ఉంది. కానీ గంటల తరబడి లాగి, అలిసి సొలిసిన చేపని వదిలితే ప్రతిదీ బతకదు. పైగా అన్నీ వదిలెయ్యరు. మేరీలాండ్ రాష్ట్రం ఓషన్ సిటీలో 1974 నుంచి ఏటా మార్లిన్ వేట పోటీ జరుగుతోంది. 2023లో అక్కడ ఒక్క నీలి మార్లిన్‌ని చంపి ఒడ్డుకి తెచ్చినందుకు ఇచ్చిన బహుమతి 60 లక్షల డాలర్ల పైమాటే. చేపని అమ్మితే నేరమట. చేప పేరుమీద లక్షలు పందెం కాస్తే వ్యాపారం కాదట!

బతికున్న చేప వల్ల హోటళ్ళకి, పడవలకి ఎక్కువ ఆదాయం అని ఇంకో లెక్క చెబుతారు. లెక్క సరే, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతోంది? నిన్న చేప పట్టినవాడికి ఇవాళ దొర పడవలో ఎర గుచ్చే పని. దాన్ని అభివృద్ధి అనమంటారు.

ఇట్లాంటి న్యాయం మనకి కొత్తకాదు. పోచారం అడవిని నిజాం తన షికారుకి ఉంచుకున్నాడు. రాజు పులిని చంపితే శౌర్యం, ఆకలిగొన్నోడు కుందేలుని కొడితే దొంగతనం. ఊరి చెరువులో ఎవరు వల వెయ్యాలో, ఎవరు గట్టు మీదే నిలబడాలో ఎవరు తేల్చారో మన పెద్దల్నడిగితే చెబుతారు.

హెమింగ్వే నవల చదివిన మిత్రులు గుర్తుతెచ్చుకోండి. ఆయన స్వయంగా మార్లిన్ ఆట వేటగాడు. కానీ 1952లో ఆయన రాసిన ముసలివాడు మార్లిన్ కోసం చేతులు కోసుకుపోయేలా పోరాడింది ఫొటో కోసం కాదు, బతకడానికి. ఆ కథని మెచ్చుకునే దొరలు, అలాంటి ముసలివాళ్ళ గాలాన్ని మాత్రం మెచ్చరు.

మన తీరంలోనూ కొమ్ము కోనాం కోసం గాలం వేసి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 2022లో ఒక మత్స్యకారుణ్ణి ఆ చేప పొడిచి చంపింది. 2025లో ఒక యువకుణ్ణి గాలంతో సహా సముద్రంలోకి లాక్కుపోయింది. వాళ్ళు సరదాకి పోలేదు. అదే మనుషులు చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు ఒడ్డుకి లాగి కూచుంటారు. చేపని కాపాడటం గురించి వాళ్ళకి పాఠం చెప్పే అర్హత ఏ క్లబ్బుకీ లేదు.

చేపల్ని కాపాడొద్దని మేం అనడం లేదు. చేప లేకపోతే ముందు పస్తుండేది చేప పట్టేవాడే. మేం అనేది ఒక్కటే: గాలం పట్టుకున్నది ఎవరని కాదు, ఎంత చంపుతున్నాడని చూసి చట్టం రాయండి. పదుల మైళ్ళ తాళ్ళకి ముందు కళ్ళెం వెయ్యండి. పందేల కోసం చంపడం ఆపండి. వదిలేశాక చచ్చే చేపల్ని కూడా లెక్కలో రాయండి. తిండికోసం, బతుకుకోసం చిన్న పడవతో పట్టేవాడికి మొదటి వాటా ఉంచి, మిగిలితే ఆటకివ్వండి. ఆ హద్దులు గీసేచోట వాళ్ళని కూడా కూచోబెట్టండి.

అట్లా చేస్తే అది సంరక్షణ. లేకపోతే అది సముద్రం మీద దొర వేసుకున్న కంచె.