మొహమాటానికి ప్రీమియం

మొన్న మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడొకడు లంచ్ టైంలో ఫోన్ తీసి ఒక పీడీఎఫ్ చూపించాడు. "అన్నా, మా మామయ్య పాలసీ తీసుకోమంటున్నాడు. ఏటా అరవై వేలు, ఇరవై ఏళ్ళు. టాక్స్ సేవింగ్ కూడా అంట. ఓకేనా?" అని.

నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఎందుకంటే సరిగ్గా అదే అంకె, అన్నే ఏళ్ళు, నేను 2019 జనవరిలో సంతకం పెట్టిన కాయితం మీద కూడా ఉన్నాయి. ఆ సంతకం పెట్టించింది నాన్నగారితో పని చేసిన ఆయన. చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. తెనాలి నుంచి బస్సెక్కి, మా అమ్మ ఇచ్చిన సున్నుండల డబ్బాతో సహా గచ్చిబౌలి హాస్టల్ దాకా వచ్చాడు పాపం. అంత దూరం వచ్చిన మనిషిని వట్టి చేతులతో ఎలా పంపుతాం చెప్పండి? మొహమాటానికి పోతే ఏదో అయిందని మనవాళ్ళు ఊరికే అనలేదు. :-)

"ఒరేయ్ నాన్నా, కట్టేది పన్నెండు లక్షలు, వచ్చేది ఇరవై రెండు లక్షలు. పైగా ఇన్సూరెన్సు ఫ్రీ" అన్నాడు బాబాయ్. నేను బీటెక్కులో మ్యాథ్స్ మూడు పేపర్లు పాసైన వాణ్ణి. ఒక ఏపీఐ రెండొందల మిల్లీసెకన్లు ఆలస్యమైతే ఎందుకని రాత్రంతా తవ్వేవాణ్ణి. కానీ నా సొంత డబ్బు ఇరవై ఏళ్ళకి ఎంత శాతం పెరుగుతుందని ఒక్క ప్రశ్న అడగలేదు. అడిగితే బాబాయ్ నొచ్చుకుంటాడని.

నా గోలంతా ఇదే. మన ఐటీ జనానికి మార్కెట్ తెలియక పోవటం కాదు జబ్బు, మొహమాటం. మనం కొన్న ఆర్థిక ఉత్పత్తులన్నిట్లోకీ ఖరీదైంది అదే.

ముందు ఆ "టాక్స్ సేవింగ్" సంగతి చూద్దాం. అప్పట్లో నా జీతం ఏడాదికి 4 లక్షలు. 2018-19 లెక్కల ప్రకారం 40 వేలు స్టాండర్డ్ డిడక్షన్, నా వాటా పీఎఫ్ 28,800, వృత్తి పన్ను 2,400 తీసేస్తే మిగిలింది 3,28,800. రెండున్నర లక్షల పైన ఉన్నదాని మీద 5 శాతం, అందులోంచి 2,500 రిబేటు పోగా, సెస్సుతో కలిపి నేను కట్టాల్సిన పన్ను సుమారు 1,500 రూపాయలు. అవునండీ, పదిహేను వందలు! ఆ పదిహేను వందలు మిగుల్చుకోవటానికి పన్నెండు లక్షల ఒప్పందం మీద సంతకం పెట్టాను. హెచ్చార్ వాళ్ళు "ప్రూఫులు పెట్టండి" అని మెయిల్ కొడితే కంగారు పడిపోయాను తప్ప, ఈ లెక్క వేసుకోటానికి ఐదు నిమిషాలు కూర్చోలేదు.

ఇంకో విడ్డూరం. 2023-24 నుంచి కొత్త పన్ను పద్ధతే డిఫాల్టు అయింది. అందులో ఈ 80సీ మినహాయింపులు లేవు. నాకు అదే లాభమని అందులోకి మారిపోయాను. మినహాయింపు పోయింది, ప్రీమియం మాత్రం మిగిలింది. ఇక మా టీం కుర్రాడి జీతం నాలుగున్నర లక్షలు. 2025-26లో కొత్త పద్ధతిలో జీతం మీద బతికేవాళ్ళకి 12,75,000 దాకా పన్నే లేదు. లేని పన్నుని వాడు ఎలా సేవ్ చేస్తాడో ఆ మామయ్యే చెప్పాలి.

ఇప్పుడు అసలు లెక్క. ఎక్సెల్లో రేట్ అని ఒక ఫార్ములా ఉంది. బ్రాకెట్లో వరసగా 20, మైనస్ 60000, 0, 2200000, 1 అని కొట్టండి (చివరి ఒకటి ఎందుకంటే ప్రీమియం ఏడాది మొదట్లోనే కడతాం కాబట్టి). వచ్చే జవాబు దాదాపు 5.5 శాతం. "డబ్బు డబులైంది" అన్నమాట వెనకున్న బండారం ఇదీ. అది కూడా బాబాయ్ చెప్పిన బోనస్ అంతా నిజంగా వస్తేనే. గ్యారంటీ అని బాండు మీద రాసున్నది 12 లక్షలే. అంటే నేను కట్టిన డబ్బే, ఇరవై ఏళ్ళ తర్వాత నాకే!

నేను ఈ లెక్క మొదటిసారి వేసింది 2023 జనవరిలో, నాలుగు ప్రీమియంలు కట్టేశాక. అప్పుడు పీపీఎఫ్ వడ్డీ 7.1 శాతం. ఆ రేటే ఇరవై ఏళ్ళూ ఉంటుందనుకుంటే అదే అరవై వేలు పీపీఎఫ్‌లో (పదిహేనేళ్ళ తర్వాత ఇంకో ఐదేళ్ళు పొడిగించి) 26 లక్షల 60 వేలు అయ్యేవి. షేర్లు వద్దు, రిస్కు వద్దు, పోస్టాఫీసు చాలు.

మరి ఇన్సూరెన్సో అంటారా? నేను పోతే మా ఇంట్లో వాళ్ళకి వచ్చేది 12 లక్షలూ ఆపైన కొంత బోనసూ. అమ్మానాన్నలకి, రేపు పెళ్ళయితే భార్యాపిల్లలకి అది ఎన్నేళ్ళు సరిపోతుంది? పాతికేళ్ళ వయసులో, సిగరెట్ అలవాటు లేని వాడికి కోటి రూపాయల టర్మ్ పాలసీ ఏడాదికి పదీ పదిహేను వేల లోపే దొరుకుతుంది. "బతికుంటే ఏమీ రాదు కదా" అని దాన్ని వద్దంటాం. బైకుకి ఇన్సూరెన్సు కట్టి, ఏడాది చివర యాక్సిడెంట్ కాలేదే అని ఎవడైనా బాధ పడతాడా?

"అయితే పాలసీ వదిలేశావా?" అని మీరడగొచ్చు. ఇక్కడే ఉంది ఉచ్చు. నాలుగేళ్ళకి నేను కట్టింది 2,40,000. సరెండర్ చేస్తే ఇస్తామన్నది 1,20,000 దరిదాపు. సగం గోవిందా. పోనీ ఆ సగం వదులుకుని బైటికొచ్చేద్దామా అని మళ్ళీ లెక్కేశాను. చేతికొచ్చే లక్షా ఇరవై వేలని ఈ రోజు పెట్టుబడి అనుకుని, మిగతా పదహారేళ్ళూ ప్రీమియం కట్టుకుంటూ పోతే, బాబాయ్ చెప్పిన 22 లక్షలకి అక్కణ్ణుంచి 7 శాతం పైచిలుకే పడుతోంది. అంటే ఉన్నా ఒకటే, వదిలినా ఒకటే. మన నష్టం మొదటి ఏళ్ళలోనే జరిగిపోయింది. అందుకే నేను ఇప్పటికీ ప్రతి జనవరిలో అరవై వేలు కడుతూనే ఉన్నాను. మీ పాలసీకి వేరే జవాబు రావచ్చు. గడిచిన ఏళ్ళ మీద ఏడవకుండా, ఇవాళ్టి సరెండర్ విలువ నుంచి ముందుకి లెక్కేసి చూడండి.

ఆ మొదటి ఏడాది డబ్బు ఎక్కడికి పోయిందంటారా? అప్పటి నిబంధనల ప్రకారం ఇలాంటి దీర్ఘకాల పాలసీల మొదటి ప్రీమియం మీద ఏజెంటు కమిషన్ 35 శాతం దాకా ఉండొచ్చు. నా అరవై వేలల్లో ఇరవై ఒక్క వేల దాకా. బాబాయ్‌ని దొంగ అనటంలేదు నేను. అది ఆయన వృత్తి, ఆయనకీ ఇల్లు గడవాలి. కానీ తెలిసుంటే ఆయన బస్సు చార్జీలు ఇచ్చి, పారడైజ్‌లో బిర్యానీ పెట్టించి, ఓ ఐదు వేలు చేతిలో పెట్టి దణ్ణం పెట్టేవాణ్ణి. ఇద్దరికీ గౌరవంగా ఉండేది.

"పాలసీ లేకపోతే ఆ డబ్బు ఖర్చైపోయేది, బలవంతపు పొదుపైనా మంచిదే" అంటాడు మా రూమ్మేట్. బలవంతమే కావాలంటే వీపీఎఫ్‌కి చెప్పండి, జీతం చేతికి రాకముందే కోసేస్తారు. లేదా నెల మొదట్లో ఆటో డెబిట్ పెట్టుకోండి. బలవంతానికి బాబాయ్ అక్కర్లేదు.

అలాగని ఇది చదివి ఆవేశంగా రెండో గోతిలో దూకకండి. పాలసీ వేస్టు అని తెలుసుకున్న మావాళ్ళు కొందరు నేరుగా ఆప్షన్స్ ట్రేడింగ్‌లోకి వెళ్ళారు. స్టాండప్ మీటింగులో కెమెరా ఆపేసి బ్యాంక్ నిఫ్టీ చూస్తుంటారు. 2024 సెప్టెంబరులో సెబీ లెక్కలు బైటపెట్టింది: 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓ ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే, అంతా కలిపి 1.8 లక్షల కోట్లకి పైగా. మిగతా 7 శాతంలో నేనుంటాను అనుకోవటం కూడా ఒక రకం మొహమాటమే, మన అహంతో మనకి.

ఆ కుర్రాడికి నేను చెప్పింది పెద్ద విద్యేం కాదు. ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో పెట్టు. ఇంట్లోవాళ్ళు నీ జీతం మీద ఆధారపడితే టర్మ్ పాలసీ తీసుకో. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది, సొంతానిది ఒకటుంచుకో. ఏడెనిమిదేళ్ళ దాకా అక్కర్లేని డబ్బుంటే ఇండెక్స్ ఫండులో, డైరెక్ట్ ప్లానులో (2013 జనవరి నుంచీ ఉన్నాయివి, మధ్యలో కమిషన్ ఉండదు) నెలనెలా వేసుకో. 2020 జనవరిలో 42 వేలు దాటిన సెన్సెక్స్ మార్చికల్లా 26 వేలకి పడింది. అలాంటప్పుడు నిద్ర పట్టని డబ్బు అందులో పెట్టకు. ఎవరైనా ఏదైనా అమ్మటానికి వస్తే, "ఎంత శాతం? మధ్యలో ఆపితే ఎంతొస్తుంది?" అని రెండే ప్రశ్నలడుగు.

వాడు బుద్ధిగా అంతా విన్నాడు. చివర్లో మెల్లగా, "సంతకం పెట్టేశానన్నా... మామయ్య బాధపడతాడని" అన్నాడు!

సరే, దారి ఇంకా మూసుకుపోలేదు. 2024 నుంచి బాండు చేతికందాక 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కిచ్చేయొచ్చు. స్టాంపు ఖర్చూ, వైద్య పరీక్షల ఖర్చూ, కవర్ ఉన్న ఆ కొన్ని రోజుల ప్రీమియం మాత్రం పట్టుకుని మిగతాది తిరిగిస్తారు. వాడికి బాండు వచ్చి పద్దెనిమిది రోజులైంది. ఇంకా పన్నెండు రోజులున్నాయి. "మామయ్యకి నేను ఫోన్ చేసి చెప్పనా?" అన్నాను. "వద్దన్నా, నేనే చెప్తా" అన్నాడు.

చెప్తాడో లేదో తెలీదు. మీరు మాత్రం ఇవాళ ఇంటికెళ్ళి బీరువాలోంచి మీ బాండు తీసి, ఆ ఐదు అంకెలు ఎక్సెల్లో కొట్టి చూడండి.