వల మడతలోనే ప్రాణం

జిల్లా ఎడిషన్‌లో లోపలి పేజీ, కింది మూల. నాలుగు వాక్యాల వార్త. ‘చేపల వేటకు వెళ్లి మత్స్యకారుడి మృతి’ అని శీర్షిక. వల కాళ్లకు చుట్టుకోవడంతో చెరువులో మునిగిపోయాడనీ, పోలీసులు కేసు నమోదు చేసుకున్నారనీ ఉంటుంది. ఊరి పేరు మారుతుంది, చెరువు పేరు మారుతుంది. వార్త మాత్రం మారదు.

ఆ నాలుగు వాక్యాలు చదివి పేజీ తిప్పేయకండి. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఊహ తెలిసినప్పటి నుంచీ నీళ్లలోనే పెరిగిన మనిషి. ఈ కట్ట నుంచి ఆ శిఖం దాకా ఈదగలిగిన మనిషి. తాను పుట్టిన ఊరి చెరువులోనే ఎలా పోయాడు? జవాబు వార్తలోనే ఉంది. అతన్ని ముంచింది నీళ్లు కాదు, వల. బువ్వ పెట్టే వలే!

చిట్యాల సంగతే తీసుకుందాం. నల్గొండ జిల్లా చిట్యాల కాదు, భూపాలపల్లి జిల్లా చిట్యాల. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలో ఉన్న మండలం. ఇది చెరువుల సీమ. అటు గణపురంలో కాకతీయుల కాలం నాటి గణపసముద్రం, ఇంకాస్త ముందుకు పోతే రామప్ప చెరువు. ఇవి పెద్ద పేర్లు. పేరు ఊరు దాటని చెరువులూ కుంటలూ ఇంకెన్నో. వాటి మీద ఆధారపడి బతికే ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా ఉన్నాయి. 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టాక బొచ్చె, రవ్వ, బంగారుతీగ కోసం వలలు వేసేవాళ్లకు పని పెరిగింది.

ఈ చెరువుల్లో తిరిగేవి సముద్రం మీది మర పడవలు కావు. థర్మాకోల్ షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎరువుల సంచులో టార్పాలినో చుట్టి, తాడుతో బిగించిన తెప్పలు. లేదంటే గాలి కొట్టిన లారీ ట్యూబులు. పెద్ద చెరువుల్లో అయితే అక్కడక్కడా నాటు పడవలు. తెప్ప మీద ఒక మనిషి, ఒక తెడ్డు, రెండు మూడు వలలు, చేపల సంచి. అంతే సరంజామా.

సాయంత్రం వలలు కట్టి వస్తారు. తెల్లారకముందే వెళ్లి తీస్తారు. తూము దగ్గర ఒకటి, తుమ్మ మొద్దుల పక్కన ఒకటి, మత్తడి వైపు ఇంకొకటి. మొదటి వల తీసి, చేపలు విడిపించి, రెండో చోటుకు వెళ్లాలి. ఈ చోటు నుంచి ఆ చోటుకు మహా అయితే పది నిమిషాలు. మనం మాట్లాడుకోవాల్సింది ఆ పది నిమిషాల గురించే.

వల వేసేటప్పుడు, తీసేటప్పుడు మనిషి కళ్లు వల మీదే ఉంటాయి. తెప్ప కదలగానే ధ్యాస తెడ్డు మీదికి పోతుంది. తడి వల కాళ్ల దగ్గర కుప్పగా పడి ఉంటుంది. ‘‘అల్లుడా, వల సంచిల ఏసి మూతి కట్టినవా?’’ అని పెద్దాయన అడుగుతాడు. ‘‘గీడనుంచి గాడికే గద మామా, గింతల ఏమైతది?’’ అని జవాబు వస్తుంది. ఏ చెరువు కట్ట మీద నిలబడినా వినిపించే మాటే ఇది.

ఏమవుతుందో చూద్దాం. వలకు పైన బెండ్ల తాడు, కింద గుండ్ల తాడు ఉంటాయి. బెండ్లు నీటి మీద తేలతాయి. గుండ్లు వలను కిందికి దించుతాయి. తెప్పకు అంచు గోడలు ఉండవు కదా! కుప్పలోంచి గుండ్ల తాడు ఒక జానెడు నీళ్లలోకి జారిందనుకోండి. ఆ బరువు ఇంకో జానెడును లాగుతుంది. అది మూరెడును లాగుతుంది. చూస్తుండగానే వల తనంతట తానే తెప్ప దిగిపోతుంది. జారిన కొస ఏ మునిగిన తుమ్మ మొద్దుకో చిక్కిందంటే మరీ వేగం. తెప్ప ముందుకు పోతుంటే వల వెనక్కి పోతుంటుంది. ఆ మధ్యలో మనిషి పాదం ఉంటే? అతనూ వల వెంటే పోతాడు.

పాదం తగులుకోకపోయినా ఇంకో ప్రమాదం ఉంది. అది చెయ్యి. వల జారిపోతుంటే ఏ మత్స్యకారుడూ చూస్తూ ఊరుకోడు. వల అంటే వేల రూపాయలు. అప్పు చేసి కొన్నది కావచ్చు, పక్కింటి వాళ్ల దగ్గర అడిగి తెచ్చింది కావచ్చు. చటుక్కున లేచి, వంగి, పట్టుకోబోతాడు. తెప్ప నిలకడంతా బరువు కింద ఉండటంలోనే ఉంది. కూర్చున్న మనిషి లేచి ఒక పక్కకు వంగితే ఆ నిలకడ పోతుంది. తెప్ప తిరగబడుతుంది. మనిషి ఎక్కడ పడతాడు? సరిగ్గా జారి పరుచుకున్న ఆ వల మీదే.

అంతటి ఈతగాడూ అక్కడ ఓడిపోవడానికి కారణం నైలాన్. పూర్వం నూలు వలలు ఉండేవి. చెట్టు బెరడు కషాయంలో ముంచి ఆరబెట్టి వాడుకునేవారు. నానితే బరువెక్కేవి, కొన్నాళ్లకు చీకిపోయేవి. 1935లో అమెరికాలో పుట్టిన నైలాన్ తర్వాతి దశాబ్దాల్లో మన చెరువుల దాకా వచ్చి ఆ బాధ తప్పించింది. తేలిక, గట్టి, కుళ్లదు, నీళ్లలో కనపడదు. చేపను మోసం చేసే గుణాలు ఇవే. మనిషిని చంపే గుణాలూ ఇవే! కనపడని దారాన్ని చేతితో వెతికి విడిపించుకోలేం. గట్టి దారాన్ని లాగి తెంపలేం. కాళ్లు తన్నిన కొద్దీ వల కండ్లు వేళ్లకు, మడమకు, చొక్కా గుండీలకు ఇంకా చుట్టుకుంటాయి. వలకు బొచ్చె అనీ తెలియదు, మనిషి అనీ తెలియదు.

పైగా చెరువు అడుగు ఇప్పుడు నిన్నటిలా లేదు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు. మట్టి కోసం యంత్రాలతో లోతుగా తవ్విన గుంతలూ చాలా చెరువుల్లో ఉన్నాయి. మోకాలి లోతు అనుకున్న చోట పక్క అడుగే రెండు నిలువుల లోతు కావచ్చు. తాత చెప్పిన లోతులను నమ్ముకుని పోయే రోజులు కావివి.

మరి ఏం చేయాలి? దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, రుణం అక్కర్లేదు. వలను సర్దడమే మందు.

మొదటిది మడత. వల తీసేటప్పుడే బెండ్ల తాడు ఒక చేతి వైపు, గుండ్ల తాడు రెండో చేతి వైపు వచ్చేలా వరుసలు వరుసలుగా మడత వేయాలి. కుప్ప పోయొద్దు. అలా మడతపెట్టిన వల రెండో చోట చిక్కు లేకుండా దిగుతుంది కాబట్టి ఇప్పుడు పెట్టిన ఐదు నిమిషాలు అక్కడ తిరిగి వస్తాయి.

రెండోది సంచి. మడతపెట్టిన వల ప్లాస్టిక్ టబ్బులోనో ఎరువుల సంచిలోనో ఉండాలి. సంచి అయితే మూతి కట్టాలి. టబ్బు అయితే పైన గోనె కప్పి తాడు బిగించాలి. అసలు కిటుకు ఇదే. మూతి కట్టి ఉంటే తెప్ప తిరగబడినా వల నీళ్లలో పరుచుకోదు. పరుచుకోని వల ఒట్టి మూట. మూట కాళ్లకు చుట్టుకోదు. ఒక్కో వలకు ఒక్కో సంచి అయితే మరీ మంచిది.

మూడోది కట్టు. ఆ సంచిని తెప్పకే కట్టాలి, మనిషికి కాదు. వల కొసను నడుముకో కాలి వేలికో చుట్టుకుని తెడ్డు వేసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానాలి. కట్టిన ముడి ఒక్క లాగుతో ఊడొచ్చేది కావాలి. తడిసి బిగిసిపోయే ముడి వేయొద్దు. అలా కట్టి ఉంచితే తెప్ప తిరగబడినా వల ఎటూ పోదు. దాని కోసం నీళ్లలో దూకాల్సిన పని లేదు. పోయేది వలా ప్రాణమా అని ఎంచుకోవాల్సిన అవసరమే రాదు.

నాలుగోది చోటు. బరువైన సంచి తెప్ప నడిమధ్యలో, అన్నిటికన్నా కింద ఉండాలి. చేపల సంచి దాని పక్కన. పాదాలు పెట్టే చోట తాడు ముక్క కూడా ఉండకూడదు. లంగరు రాళ్లు దొర్లకుండా చిన్న సంచిలో వేయాలి. గాలాలు ఉంటే కొనలు చెక్కకో థర్మాకోల్ ముక్కకో గుచ్చి డబ్బాలో పెట్టాలి. మూత బిగించిన రెండు ఖాళీ ఐదు లీటర్ల క్యాన్లు తెప్పకు కట్టి ఉంచితే ఆపదలో పట్టుకోవడానికి పనికొస్తాయి.

ఐదోది కత్తి. చిన్నది, పదునైనది, ఒరలో పెట్టి నడుముకు, ఏ చెయ్యి చాపినా అందేటట్టు. సంచి అడుగున ఉన్న కత్తి లేనట్టే లెక్క. ఒకవేళ వల చుట్టుకుంటే కాళ్లు తన్నొద్దు. ఒక చేత్తో తెప్పనో క్యానునో పట్టుకుని, కదలకుండా తేలుతూ, రెండో చేత్తో కోయాలి. వల కోయడానికి మనసొప్పకపోవచ్చు. కోసిన వలను సాయంత్రం అల్లుకోవచ్చు.

తీరం వైపు చూస్తే ఇదంతా కొత్త సంగతి కాదని తెలుస్తుంది. విశాఖ, శ్రీకాకుళం తీరాల్లో దుంగలను తాళ్లతో బిగించి కట్టిన తెప్పల మీద సముద్రంలోకి వెళ్లేవారు. అల తెప్ప మీదుగానే పోతుంది. కట్టని వస్తువు అక్కడ మిగలదు. అందుకే వలను, బుట్టను దుంగలకు బిగించి కట్టాకే కెరటం దాటేవారు. ఆ తెప్పల్లో చాలావరకు ఇప్పుడు ఫైబర్ పడవలకు చోటిచ్చాయి. ఆ అలవాటు మాత్రం మన చెరువులకు అరువు తెచ్చుకోదగ్గది. చెరువులో అల లేదు కదా అనే ధీమాతోనే మనం కట్టడం మరిచాం.

జారిపోయిన వల కథ అంతటితో ముగియదు కూడా. నైలాన్ కుళ్లదు కాబట్టి అడుగున పడి ఉన్నా అది పని మానదు. చేపలు, తాబేళ్లు, నీటి పాములు, మునిగి లేచే పక్షులు అందులో చిక్కుతూనే ఉంటాయి. ఎవరికీ దక్కని వేట అది. ఎండాకాలం చెరువులో దిగిన పిల్లల కాళ్లకూ, పశువుల కాళ్లకూ అదే వల తగులుతుంది. ప్రపంచమంతా ఈ బెడద ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వలలకు యజమాని గుర్తు వేయాలంటూ 2018లో మార్గదర్శకాలే ఆమోదించింది. మన చెరువులో అంత తతంగం అక్కర్లేదు. బెండ్ల మీద రంగుతో ఒక గుర్తు వేసుకున్నా చాలు, దొరికిన వల ఎవరిదో తెలుస్తుంది.

ఇక వానాకాలం సంగతి. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి పక్కనే ఉన్న మోరంచపల్లిని ఎలా ముంచెత్తిందో ఈ జిల్లా వాళ్లకు చెప్పనక్కర్లేదు. నీళ్లు పెరిగే తీరు గంటల్లో మారిపోతుంది. మత్తడి దుంకుతున్నప్పుడు ఆ వైపు తెప్ప పోనివ్వొద్దు. ఎదురెక్కే చేపలు ఆశ పెడతాయి. అయినా వద్దు.

సహకార సంఘాలకు కూడా ఒక మాట. చెరువు పంపకం, చేపల ధర మీద సంఘం మీటింగు ఎలాగూ పెడతారు. ఆ రోజే తెప్పలన్నీ ఒడ్డుకు లాగి ఒక్కసారి చూడండి. ఎవరి వల సంచిలో ఉంది, ఎవరి నడుముకు కత్తి ఉంది, ఎవరు ఒంటరిగా పోతున్నారు? కొత్తగా వేటకు దిగే కుర్రాళ్లకు వల విసరడం కన్నా ముందు వల మడతపెట్టడం నేర్పండి. సభ్యుల బీమా కాగితాలూ ఆ రోజే సరిచూడండి. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మత్స్యకారుడు ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం పాలైనా 5 లక్షల రూపాయల బీమా పెట్టారు. పేరు నమోదు కాకపోతే ఆ డబ్బు ఇంటికి రాదు.

అయినా ఐదు లక్షలు వచ్చినంత మాత్రాన తెల్లారి గిన్నె పట్టుకుని కట్ట మీద ఎదురుచూసే ఇల్లాలికి మనిషి తిరిగి వస్తాడా? ఒక పాత ఎరువుల సంచి, మూరెడు తాడు, ఐదు నిమిషాల ఓపిక. వీటికి ఖర్చేమీ లేదు. మీ ఊళ్లో చెరువుంటే, మీ ఇంట్లో వల ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి. రేపు తెల్లారుజామున మామ అడగకముందే అల్లుడు సంచి మూతి కట్టాలి.